పాత ట్రాన్సిస్టర్ రేడియో బాడీ శుభ్రం చేయాలంటే ముందు అది ఏ ప్లాస్టిక్కో తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: చాలా ఏళ్లుగా మూలపడి ఉన్న పోర్టబుల్ ట్రాన్సిస్టర్ రేడియో. మీగడ రంగు ప్లాస్టిక్ బాడీ పసుపెక్కింది, పట్టుకుంటే చేతికి జిడ్డు తగులుతోంది. ముందున్న జాలీ మసకబారింది. బ్యాటరీల గదిలో తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుంది. వెనక మూతకి స్క్రూ దగ్గర చీలిక. కంపెనీ పేరు తెలియదు. థిన్నర్‌తో తుడిస్తే పోతుందా, లేక మొత్తం రంగు కొట్టించడమే మేలా?

థిన్నర్ వద్దు, రంగూ వద్దు. ఇలాంటి సెట్లలో చాలావాటికి గోరువెచ్చని నీళ్లు, పాత్రలు తోమే లిక్విడ్ ఒక చెంచా, ఒక మెత్తటి టూత్‌బ్రష్, రెండు సాయంత్రాల ఓపిక సరిపోతాయి. మీరు పసుపు అనుకుంటున్నదాంట్లో కొంత పొగ, వంట నూనె ఆవిరి, చేతి చెమట కలిసి గట్టిపడిన పొరే అయి ఉంటుంది. అది కడిగితే పోతుంది. మిగిలిన గీతలకు పాలిషింగ్ పేస్టు, చీలికకు లోపలి వైపు నుంచి అతుకు. వయసు మీదపడి పాడైన బాడీల కంటే, శుభ్రం చేయబోయి పాడు చేసినవే నా బల్ల మీదికి ఎక్కువగా వస్తుంటాయి.

ఏ ప్లాస్టిక్కో ఎలా తెలుస్తుంది?

బేకలైట్ అయితే బరువుగా, చల్లగా ఉంటుంది. రంగు ఎక్కువగా నలుపో, ముదురు గోధుమో. బొటనవేలితో ఒకచోట గట్టిగా వేడెక్కేదాకా రుద్ది వాసన చూస్తే ఫినాయిల్ లాంటి ఘాటు తగులుతుంది. 1907లో లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన ఈ పదార్థం టేబుల్ సెట్లలో ఎక్కువ, చేత్తో పట్టుకెళ్లే సెట్లలో తక్కువ.

ట్రాన్సిస్టర్ల తొలి తరానికి వచ్చేసరికి రాజ్యం పాలిస్టైరీన్‌ది. 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1 బాడీ కూడా అదే. గోటితో కొడితే గాజులా, రేకులా టంగుమని మోగుతుంది. పలచటి అంచుని వెలుతురుకి ఎదురుగా పెడితే కాస్త కాంతి అవతలికి కనబడుతుంది. మూలల్లో, స్క్రూ రంధ్రాల దగ్గర తేలిగ్గా పగులుతుంది. మీరు చెప్పిన చీలికను బట్టి మీది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాతి కాలపు సెట్లలో ఏబీఎస్ వచ్చింది. కొడితే మొద్దుగా మోగుతుంది, కొంచెం వంగుతుంది, అంత సులువుగా పగలదు. జెనిత్ రాయల్ 500 లాంటి కొన్నిటికి నైలాన్ బాడీ. అది మైనం రాసినట్టు నున్నగా తగులుతుంది. ఇవికాక చెక్క పెట్టె మీద రెక్సిన్ అంటించినవి వేరే జాతి, వాటి సంగతి చివర్లో చెప్తాను.

అప్పటికీ అనుమానం తీరకపోతే లోపలి వైపు, బయటికి ఎప్పుడూ కనబడని చోట, అగ్గిపుల్ల మొనతో అసిటోన్ ఒక చుక్క పెట్టండి. పది సెకన్లలో బంకగా మారితే పాలిస్టైరీనో, ఏబీఎస్సో. ఏమీ కాకపోతే బేకలైటో, నైలానో. అసిటోన్‌కి ఈ పనిలో ఉన్న పాత్ర ఆ ఒక్క చుక్కే. పరీక్ష అవగానే సీసా మూత బిగించి దూరంగా పెట్టేయండి.

పాలిస్టైరీన్‌కి పడని ద్రవాలు ఇవి: థిన్నర్, అసిటోన్, అది కలిసిన నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోల్, టర్పెంటైన్, నారింజ తొక్క నూనెతో చేసిన స్టిక్కర్ రిమూవర్లు. వీటిలో కొన్ని అప్పటికప్పుడు కరిగిస్తాయి. కొన్ని మాత్రం ఆ రోజు ఏమీ చేయవు. మర్నాడు చూస్తే బిగింపు ఉన్నచోట్ల సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు లేచి ఉంటాయి. అవి మళ్లీ పోవు. లోపల వాల్యూమ్ కంట్రోల్‌కి కొట్టే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కూడా ఇదే కోవలోది. బాడీలో ఉండగా ఎప్పుడూ కొట్టకండి. బోర్డు బయటికి తీశాక, ట్యూనింగ్ గ్యాంగ్ (స్టేషన్ మార్చేటప్పుడు తిరిగే పలకల కండెన్సర్) మీద పడకుండా గుడ్డ కప్పి కొట్టండి. చిన్న సెట్లలో గ్యాంగ్ పలకల మధ్య పలచటి ప్లాస్టిక్ పొరలు ఉంటాయి, వాటికీ అది పడదు.

విప్పడం

కరెంటు మీద కూడా నడిచే సెట్టయితే ముందు ప్లగ్గు తీసేయండి. బ్యాటరీలు తీయండి. ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ముఖ్యంగా బ్యాటరీ వైర్లు, స్పీకర్ వైర్లు, ఇయర్‌ఫోన్ సాకెట్ దగ్గర వైర్లు ఏ రంగుది ఎక్కడికి వెళ్లిందో కనబడాలి.

స్క్రూలన్నీ తీసినా మూత రాకపోతే బలం పెట్టకండి, ఇంకో స్క్రూ ఎక్కడో దాగి ఉంది. బ్యాటరీ గది అడుగున, రబ్బరు కాళ్ల కింద, వెనక అంటించిన లేబుల్ కింద, హ్యాండిల్ మొదట్లో వెతకండి. ఇయర్‌ఫోన్ సాకెట్ బయటి నట్టు బోర్డును బాడీకి పట్టి ఉంచుతుంది. అది విప్పకుండా బోర్డు లాగితే సాకెట్ దగ్గర ప్లాస్టిక్ చిట్లుతుంది. స్క్రూలను అట్టముక్క మీద రేడియో వెనక భాగం బొమ్మ గీసి, ఏ చోటుది ఆ చోట గుచ్చి ఉంచండి. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలోకి వెళితే ముందు వైపుకి పొడుచుకొస్తుంది.

నాబ్‌లను స్క్రూడ్రైవర్‌తో మీటకండి. బాడీ మీద అర్ధచంద్రాకారంలో నొక్కు పడుతుంది. పక్కనుంచి చిన్న మర స్క్రూ ఉందేమో చూడండి. లేకపోతే పాత చొక్కా గుడ్డ పట్టీని నాబ్ కిందికి దూర్చి, రెండు కొసలూ కలిపి నిటారుగా లాగితే ఊడొస్తుంది. లాగే ముందు ట్యూనింగ్ పూర్తిగా ఒక చివరికి తిప్పండి, పలకలు ఒకదానిలో ఒకటి పూర్తిగా మూసుకునే వైపు. పలకలు బయటికి తెరిచి ఉన్న గ్యాంగ్‌కి దెబ్బ తగిలితే వంగుతాయి. ముల్లు ఆ క్షణంలో డయల్ మీద ఎక్కడుందో కాగితపు టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. తర్వాత స్టేషన్లు అంకెలకు సరిపోవాలంటే ఆ గుర్తే ఆధారం.

బోర్డు తీసేటప్పుడు నల్లటి ఫెరైట్ కడ్డీని పట్టుకుని ఎత్తకండి. అది సుద్దముక్కలా విరుగుతుంది, దాని మీద చుట్టిన తీగ వెంట్రుకంత సన్నం. స్పీకర్‌ను వీలైతే విప్పి కాగితపు కవర్‌లో పెట్టేయండి. స్టీల్ పీచుతో తోమే ఆలోచన ఉంటే ఇక్కడే మానుకోండి: రాలిన ఇనుప నూగుని స్పీకర్ అయస్కాంతం లాక్కుంటుంది, కాయిల్ సందులోకి చేరితే స్పీకర్ గరగరమనడం మొదలవుతుంది.

కడగడం

ముందు పొడిగా. పెయింటింగ్‌కి వాడే మెత్తటి బ్రష్‌తో దుమ్మంతా దులపండి. దుమ్ము మీద నేరుగా తడిగుడ్డ పెడితే ఇసుక రేణువులు గీతలు గీస్తాయి. మీరు తర్వాత తీయాల్సిన గీతలు అవే.

అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా లిక్విడ్. చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, అంతకు మించి వేడి వద్దు. పూర్తిగా ఖాళీ అయిన ప్లాస్టిక్ భాగాలను అందులో పది పదిహేను నిమిషాలు నానబెట్టి టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమండి. వేలి ముద్రలు పట్టే చోట్లు, హ్యాండిల్ మలుపులు, నాబ్ గాడులు, జాలీ చుట్టూ ఉన్న గాడి, ఈ నాలుగు చోట్లా మకిలి గట్టిపడి ఉంటుంది. అక్కడ వెదురు టూత్‌పిక్‌ను నీళ్లలో తడిపి గీకండి, పిన్నీసు వాడకండి. నీళ్లు టీ రంగులోకి మారితే మార్చి రెండోసారి కడగండి.

కొన్నిటిని నీళ్లలో ముంచకూడదు:

వెనక మూత లోపల కాగితం మీద సర్క్యూట్ బొమ్మో, సీరియల్ నంబరో అంటించి ఉంటే ఆ భాగాన్ని ముంచకండి. తడి గుడ్డతో బయటి వైపు మాత్రమే తుడవండి. ఆ కాగితం పోతే సెట్టు ఏ మోడలో చెప్పే ఆధారం పోయినట్టే. మీకు కంపెనీ పేరు తెలియదన్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త.

బేకలైట్‌ని నానబెట్టకండి. దాని పైపొర అరిగిపోయి ఉంటే లోపల నింపిన రంపపు పొట్టు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తడిపి, తోమి, వెంటనే ఆరబెట్టాలి.

డయల్ పలక సంగతి అన్నిటికంటే సున్నితం. అంకెలు, బ్యాండ్ల పేర్లు చాలా సెట్లలో పలక వెనక వైపు అచ్చు వేసి ఉంటాయి. ముందు నుంచి చూస్తే లోపలే ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి జనం ధైర్యంగా వెనక్కి తిప్పి తుడిచేస్తారు. ఒక్క తుడుపుకి సగం అంకెలు గుడ్డకి వచ్చేస్తాయి. ముందు వైపు సబ్బునీటి దూదితో తుడవండి. వెనక వైపు పొడి బ్రష్ తప్ప ఏదీ తాకనీయకండి. ఆ పలక యాక్రిలిక్ అయితే ఆల్కహాల్ కూడా వద్దు, అద్దాలు తుడిచే అమ్మోనియా లిక్విడ్ కూడా వద్దు. రెండూ సన్నటి పగుళ్లు తెప్పిస్తాయి.

వెండిలా మెరిసే ప్లాస్టిక్ పట్టీలు, బ్యాడ్జీలు కూడా ఇలాంటివే. అది క్రోమ్ అనుకుంటారు. చాలావాటిలో ఉండేది ప్లాస్టిక్ మీద ఆవిరి రూపంలో పూసిన అల్యూమినియం, దాని మీద పలచటి వార్నిష్. వంటసోడా నీళ్లు పడితే అల్యూమినియం కరిగి అడుగు ప్లాస్టిక్ బయటపడుతుంది. తడి దూది, అంతే. బంగారు రంగు అక్షరాలనూ రుద్దకూడదు, దూదితో అద్దాలి.

కడిగాక మంచి నీళ్లతో రెండుసార్లు జాడించి, మెత్తటి టవల్ మీద బోర్లించి ఒక రోజంతా నీడలో ఆరనివ్వండి. స్క్రూ గొట్టాల్లో, ఇత్తడి బుష్‌ల చుట్టూ నీళ్లు దాగుంటాయి. హెయిర్ డ్రైయర్‌తో తొందరపడితే పలచటి మూత వంకర పోతుంది. వంకర పోయిన మూత మళ్లీ మూసుకోదు.

పోని మచ్చలకు: స్టిక్కర్ జిగురుకి వంట నూనె రాసి అరగంట వదిలి, సబ్బుతో కడగండి. పెన్ను సిరాకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి తగిలించి రెండు మూడు సెకన్లు అద్ది తీసేయండి. అచ్చు అక్షరాల దగ్గరికి రానీయకండి. సిరా ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి ఉంటే నీడలా మిగులుతుంది, దాన్ని తీయాలని గీకడం దండగ.

పసుపు: జిడ్డా, ప్లాస్టిక్కే మారిందా?

కడిగి ఆరాక బ్యాటరీ మూత లోపలి రంగునీ, బాడీ బయటి రంగునీ పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూడండి. తేడా లేకపోతే సెట్టు పుట్టుకతోనే మీగడ రంగు, మీరు చేయాల్సిందేమీ లేదు. తేడా బాగా ఉంటే ప్లాస్టిక్ పైపొర ఎండకి, గాలికి మారిపోయింది. ఏబీఎస్‌లో ఉండే రబ్బరు లాంటి భాగం అతినీలలోహిత కిరణాలకు ఆక్సీకరణ చెందడం దీనికి ముఖ్య కారణం.

ఇలాంటిదానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పద్ధతి ఉంది. తెల్లటి, మీగడ రంగు ఏబీఎస్‌కి పనిచేస్తుంది. 6 నుంచి 12 శాతం ద్రావణం, పారదర్శకమైన డబ్బా, ఎండ. భాగం పూర్తిగా మునగాలి. సగం తేలితే నీటి గీత పడ్డచోట రెండు రంగులుగా విడిపోతుంది. గంటకోసారి తిప్పుతూ, అంటుకున్న బుడగలను కదిలిస్తూ ఉండాలి, లేకపోతే బుడగ ఉన్నచోట చుక్క మిగులుతుంది. నాలుగు గంటల నుంచి ఒక పగలంతా పట్టొచ్చు. మూత బిగించకండి, లోపల ఆక్సిజన్ పుడుతూ ఉంటుంది. చేతికి రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. 12 శాతం ద్రావణం చర్మం మీద పడితే తెల్లగా కాల్చి మంట పుట్టిస్తుంది. స్క్రూలు, స్ప్రింగులు ఏవీ అందులో ఉండకూడదు. జుట్టుకు వాడే పెరాక్సైడ్ క్రీమ్ పూసి ప్లాస్టిక్ కవర్ చుట్టే పద్ధతి చౌకే కానీ, పూత ఒకే మందంలో లేకపోతే పాలరాయిలా చారలు పడతాయి.

నా అభిప్రాయం అడిగితే, మీ సెట్టుకి ఇది చేయకండి. పాలిస్టైరీన్ మీద ఫలితం నమ్మకంగా ఉండదు, అచ్చు అక్షరాలు, రంగులు వెలిసిపోతాయి, పసుపు కొన్నాళ్లకు తిరిగి రావడమూ ఉంది. పైగా ఇది రంగును మారుస్తుందే తప్ప పెళుసుబారిన ప్లాస్టిక్‌కి బలం ఇవ్వదు. పాత రేడియో కొంచెం పసుపుగా ఉంటే ఎవరికీ నష్టం లేదు.

బేకలైట్ సెట్లున్నవాళ్లు దీని జోలికి అసలు రాకండి. దాని మసక వేరే రకం, పైనున్న నిగనిగలాడే పొర పోయి లోపలి పొట్టు బయటపడడం. దానికి పాలిష్, మైనం తప్ప మందు లేదు.

బ్యాటరీ గది

ఆ పొడిని గీకే ముందు తడపండి. పొడిగా గీకితే అది గాలిలోకి లేస్తుంది. పాత ఛాసీల (లోపలి రేకు చట్రాల), స్ప్రింగుల మీద కాడ్మియం పూత ఉండే అవకాశం ఉంది, దాని పొడి పీల్చకూడదు. మాస్కు పెట్టుకోండి.

ఏ సలహా చూసినా వెనిగర్ అంటుంది. అది ఆల్కలైన్ బ్యాటరీలు కారినప్పుడు సరైనదే, ఎందుకంటే అందులోంచి వచ్చేది క్షారం. పాత సెట్లలో ఎక్కువగా కారినవి మామూలు జింక్ కార్బన్ సెల్స్. వాటి లోపలి రసం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది. దానికి 100 మి.లీ. నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి దూది పుల్లతో అద్దాలి. ఏ సెల్ కారిందో తెలియకపోతే ముందు సోడా నీళ్లు, తర్వాత మంచినీళ్లు. అప్పటికీ తెల్లటి పెచ్చు కదలకపోతే వెనిగర్ చుక్క. నురగ వస్తే అది ఆగేదాకా కొనసాగించండి. చివర్లో ఏది వాడినా మంచినీటి దూదితో రెండు మూడుసార్లు తుడిచి, ఐసోప్రొపైల్‌తో ఆరబెట్టండి. ఆ వెనిగర్‌ని స్ప్రింగు మీద వదిలేస్తే మళ్లీ అదే తుప్పు. మెరిసే పట్టీల దగ్గరికి సోడా నీళ్లు పోకుండా చూసుకోండి, కారణం పైన చెప్పాను.

ఆకుపచ్చగా కనబడేది ఇత్తడి లేదా రాగి చిలుము. ఫైబర్‌గ్లాస్ పెన్నుతోనో, సన్నటి ఎమరీ కాగితం ముక్కతోనో మెరుపు వచ్చేదాకా రుద్దండి. స్ప్రింగు మీది నికెల్ పూత పోయి ఇనుము తేలితే అది ఎంత రుద్దినా మళ్లీ తుప్పు పడుతుంది, మార్చేయడమే మేలు. చాలామంది వదిలేసే చోటు ఒకటుంది: స్ప్రింగును పలకకి బిగించిన రివెట్టు. పైకి అంతా మెరుస్తూ ఉంటుంది కానీ రివెట్టు కింద చిలుము ఉండి కరెంటు సరిగా పారదు. రేడియో వాల్యూమ్ పెంచగానే గొంతు పడిపోతుంది. స్ప్రింగు నుంచి నేరుగా వైరుకి చిన్న తీగ టంకం వేస్తే ఆ గొడవ తీరుతుంది. టంకం మాత్రం ప్లాస్టిక్ నుంచి పలకని బయటికి తీశాకే.

గీతలు, మెరుగు

గోరు అడ్డంగా పోనిస్తే తట్టుకోని గీతకి పాలిషింగ్ పేస్టు ఒక్కటే చాలు. గోరు తట్టుకుంటే వాటర్ పేపర్, అంటే నీళ్లలో తడిపి రుద్దే సాన కాగితం, కావాలి. వరస ఇలా: 800 లేదా 1000 నంబరు కాగితంతో మొదలు, తర్వాత 1500, 2000, వీలైతే 3000. నీళ్లలో ఒక చుక్క సబ్బు. ప్రతి నంబరుకీ దిశ మార్చండి, ఒకటి నిలువు, తర్వాతది అడ్డం. ముందు నంబరు గీతలన్నీ పోయి కొత్త దిశ గీతలే కనబడితేనే తర్వాతి నంబరుకి వెళ్లాలి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే చివర్లో మెరుగు పెట్టినా ఎండలో వంచి చూస్తే పాత గీతలు నవ్వుతూ కనబడతాయి. గరుకు ముద్ర ఉన్న బాడీని, అంటే తోలులా చుక్కలు పోసిన ప్లాస్టిక్‌ని, అసలు సాన పెట్టకండి. ఆ చుక్కలు అరిగిపోయి నున్నటి మచ్చ మిగులుతుంది.

బేకలైట్‌ని పొడిగా సాన పెట్టకూడదు. కొన్ని రకాల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. తడిగానే, మాస్కుతోనే.

పేస్టుకి కార్ల పెయింట్‌కి వాడే సన్నరకం చాలు, వాసన ఘాటుగా లేనిది చూసుకోండి. బఠాణీ గింజంత తీసుకుని, అరచేయంత జాగా చొప్పున చేత్తోనే రుద్దండి. డ్రిల్లుకి బఫ్ తగిలించి పాలిస్టైరీన్ మీద పెట్టకండి. నూరు డిగ్రీల దగ్గర అది మెత్తబడుతుంది, బఫ్ రాపిడికి ఆ వేడి క్షణాల్లో వస్తుంది. అక్షరాల మీద, జాలీ రంధ్రాల మీద ముందే కాగితపు టేపు వేయండి. లేకపోతే పేస్టు రంధ్రాల్లో తెల్లగా ఎండి, తీయడానికి మరో పూట పడుతుంది. లోతుగా చెక్కిన అక్షరాల్లో రంగు పోయి ఉంటే యాక్రిలిక్ రంగు నింపి, పాత ఏటీఎం కార్డు అంచుతో పైభాగాన్ని గీసి, మిగిలింది తడి గుడ్డతో తుడిచేయండి.

ఆఖర్న పలచగా కార్నబా మైనం. సిలికాన్ స్ప్రేలు వద్దు. అప్పటికి భలే మెరుస్తాయి కానీ, రేపు ఎక్కడైనా అతుకు వేయాలన్నా, రంగు టచప్ చేయాలన్నా ఏదీ అంటుకోదు.

జాలీ సంగతి: అల్యూమినియం అయితే వెనక మడిచిన రేకు నాలికలు విప్పి తీయాలి. ఆ నాలికలు రెండుసార్లకు మించి మడతలు తట్టుకోవు, కాబట్టి నిజంగా అవసరమైతేనే తీయండి. సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్. సొట్ట ఉంటే మడిచిన టవల్ మీద బోర్లించి, వెనక నుంచి చెక్క గరిటె కాడతో మెల్లగా నొక్కుకురండి. ఇనుము మీద నిజమైన క్రోమ్ ఉన్నచోట తుప్పు చుక్కలకి, వంటింటి అల్యూమినియం రేకును ఉండచేసి నీళ్లలో తడిపి రుద్దితే పోతాయి.

ఏరియల్‌ని ఐసోప్రొపైల్ గుడ్డతో తుడవండి. గ్రీజు పెట్టకండి, దుమ్ము పట్టి గొట్టాలు ఇరుక్కుంటాయి.

చీలిక

స్క్రూ దగ్గర చీలికకి ముందు దాని చివర ఎక్కడుందో భూతద్దంతో వెతికి, అక్కడ 1 మి.మీ. రంధ్రం వేయండి. చేతి డ్రిల్లు చాలు. చీలిక ఆ రంధ్రం దగ్గర ఆగుతుంది, ముందుకు పాకదు.

పాలిస్టైరీన్‌కి ప్లాస్టిక్ బొమ్మల మోడళ్లకి వాడే పల్చటి సిమెంటు సరైనది. చీలికని కొద్దిగా తెరిచి, సన్నటి బ్రష్‌తో లోపలి వైపు నుంచి ఒక చుక్క అద్దితే సందులోకి అదే పాకుతుంది. రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. టేపుతో బిగించి ఒక రోజు వదిలేయండి. ఏబీఎస్‌కి అసిటోన్‌లో అదే ప్లాస్టిక్ ముక్కలు కరిగించిన ముద్ద వాడతారు. బేకలైట్‌కి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు), అందులో నల్ల పొడి రంగు కలిపి. నైలాన్‌కి ఏ జిగురూ గట్టిగా పట్టదు, లోపలి నుంచి సన్న రేకు పట్టీ, చిన్న స్క్రూలతో బిగించడమే దారి.

సూపర్ గ్లూ బయటి వైపు వాడకండి. దాని ఆవిరి చుట్టూ తెల్లటి మంచులా పేరుకుంటుంది. నిగనిగలాడే బాడీ మీద అది మచ్చలా నిలుస్తుంది. లోపల విరిగిన స్క్రూ గొట్టాన్ని మళ్లీ కట్టడానికి మాత్రం పనికొస్తుంది: చుట్టూ చిటికెడు వంటసోడా పోసి, మీద సూపర్ గ్లూ చుక్క వేస్తే క్షణంలో రాయవుతుంది. ఆ తర్వాత లోపలి వైపు ఎపాక్సీలో ముంచిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ ముక్కని చీలిక మీదుగా అంటిస్తే మూత జీవితకాలం ఆగుతుంది. ఎపాక్సీ పట్టాలంటే ఆ చోటు 400 కాగితంతో గరుకు చేసి ఉండాలి.

రంగు గురించి మళ్లీ: ముక్కలు పోయి, పూడ్చిన చోట్లు కొట్టొచ్చినట్టు కనబడుతున్నప్పుడు మాత్రమే ఆలోచించండి. అప్పుడు కూడా స్ప్రే డబ్బాలోని ద్రావకం పాలిస్టైరీన్‌ని ముడతలు పెట్టించవచ్చు. బ్యాటరీ మూత లోపల పరీక్షించి, ఒక రోజు ఆగి చూసి, ఆపైన దూరం నుంచి మంచులా పలచటి పూతలే వేయండి.

రెక్సిన్, తోలు

చెక్క పెట్టె సెట్లకి నీళ్లు పొదుపుగా. పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డ. లేచిన మూలల కింద తెల్ల జిగురు పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం, ఆపైన బట్టల క్లిప్పు. బూజు ఉంటే బయట వెలుతురులో బ్రష్ చేసి, 70 శాతం ఆల్కహాల్ గుడ్డతో తుడవండి, ముందు ఒక మూల రంగు వస్తోందేమో చూసి. స్పీకర్ ముందు గుడ్డని తడపకండి, ముడుచుకుని అంచుల దగ్గర ఊడుతుంది. బ్రష్ అటాచ్‌మెంట్ పెట్టి వాక్యూమ్ మెల్లగా పట్టండి.

తిరిగి బిగించేటప్పుడు ప్లాస్టిక్‌లోకి పోయే ప్రతి స్క్రూనీ ముందు ఎడమ వైపుకి తిప్పండి. టక్కున ఒక చిన్న జారుడు తెలుస్తుంది, అంటే పాత మరలో కూర్చుంది. అక్కడి నుంచి కుడి వైపుకి రెండు వేళ్ల బలంతో బిగించి ఆపేయండి. నేరుగా బిగిస్తే కొత్త మర కోసుకుంటూ పోతుంది, మీరు ఇప్పుడే అతికించిన గొట్టం మళ్లీ చీలుతుంది.

దాచేటప్పుడు రెక్సిన్ సంచిలోనో, పీవీసీ కరెంటు తీగ చుట్టో పెట్టకండి. మెత్తటి పీవీసీలో ఉండే నూనె లాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరి పాలిస్టైరీన్‌లోకి దిగుతుంది. ఏడాది తర్వాత తీసి చూస్తే తీగ ఆనిన చోట బాడీ మీద వైరు మందాన కాలువ తవ్వినట్టు గాడి ఉంటుంది. నురగ స్పాంజీ కూడా పొడై బంకగా అంటుకుంటుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, సెల్స్ తీసేసి పెట్టండి.

మీ మూత చీలిక ఎంత పొడవుందో, లోపల ఏమైనా కాగితం అంటించి ఉందో ఫోటో పెడితే సిమెంటు చాలా, ఫైబర్‌గ్లాస్ కూడా కావాలా చెప్తాను.